శుభ్రం చేసిన గెడ్డ వానకే మళ్లీ నిండిపోతుంటే

మధురవాడ వైపు మీ కాలనీ పక్కన పారే గెడ్డను ఇరుగుపొరుగుతో కలిసి శుభ్రం చేసినా, ఒక్క వానకే చెత్త, గుర్రపుడెక్క తిరిగి వచ్చాయని రాశారు. మీ శ్రమ వృథా కాలేదు, కానీ పని మొదలుపెట్టవలసిన చోటు ఎగువన ఉంది. విశాఖలో చాలా గెడ్డలు కొండల నుంచి దిగి కొద్ది దూరంలోనే సముద్రాన్ని చేరతాయి కనుక, వాన పడగానే పై వీధుల ప్లాస్టిక్ అంతా ఒక్క ఉదుటున మీ కల్వర్టు దగ్గరికి కొట్టుకువస్తుంది. ముందుగా గట్టు వెంట ఎగువకు నడిచి, చెత్త ఎక్కడ పడుతోందో, ఏ గొట్టం నుంచి మురుగు కలుస్తోందో ఫొటోలు తీసి, వార్డు సచివాలయంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

మురుగు ఆగనంతకాలం గుర్రపుడెక్క ఆగదు, ఎందుకంటే మురుగులోని నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. పూత రాకముందే వేళ్లతో సహా లాగి, నీటికి దూరంగా ఎండబెట్టండి. అంచున వదిలేసిన చిన్న పిలక కూడా తేలిపోయి మళ్లీ అల్లుకుంటుంది, బురదలో పడిన విత్తనాలైతే ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటాయి.

గట్టు మీది పొదలన్నీ నరికేశామన్నారు, దయచేసి ఇకపై అలా చేయకండి. వేళ్లు పోయిన గట్టు అక్టోబరు తుపాను వానలకు కోసుకుపోతుంది. ఖాళీ అయిన చోట తొలకరికి వట్టివేరు నాటితే, నిటారుగా 2 నుంచి 3 మీటర్ల లోతుకు దిగే దాని వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి.

గమ్‌బూట్లు, చేతితొడుగులు లేకుండా ఎవరినీ నీటిలోకి దిగనివ్వకండి. ఎలుకల మూత్రం కలిసిన నీరు చిన్న గాయానికి తగిలినా లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జ్వరం సోకవచ్చు.