‘షేమ్ షేమ్’ కాదు, దానికో పేరుంది

మీ ప్రశ్న – మా జవాబు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పసిపిల్లల భద్రత గురించే. పిల్లల వైద్యం, బాలల చట్టాలు తెలిసినవాళ్లు కూర్చుని రాసిన జవాబులివి. ఉత్తరాలు రాసినవారి పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. స్కూల్లో ‘బాడీ సేఫ్టీ’ క్లాసు పెడతామని, ఇష్టమైతే సంతకం చేసి పంపమని కాగితం ఇచ్చారు. మా అత్తయ్యగారు ‘పాలుగారే పిల్లకు సెక్స్ పాఠాలేమిటి, మేం పిల్లల్ని పెంచలేదా’ అంటున్నారు. మావారు ఎటూ తేల్చరు. సంతకం పెట్టనా, వద్దా?
– ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: పెట్టండమ్మా. కాకపోతే ముందు ఆ క్లాసులో ఏం చెబుతారో రాసిన కాగితం అడిగి తీసుకోండి, అత్తయ్యగారికి చదివి వినిపించండి. ఆవిడ భయం ‘సెక్స్’ అన్న మాటతో. నాలుగేళ్ల పిల్లకు చెప్పే పాఠంలో ఆ ఊసే ఉండదు. ఒంట్లో భాగాల పేర్లు, వాటిలో బట్టల కింద ఉండాల్సినవి ఏవి, వాటిని ఎవరు ఏ పని మీద ముట్టుకోవచ్చు, వేరే ఎవరైనా ముట్టుకుంటే ఎవరికి చెప్పాలి... ఇంతే. పిల్లలెలా పుడతారన్నది ఈ వయసు పాఠం కాదు. పాపే అడిగితే ‘అమ్మ పొట్టలో పాపాయి పెరగడానికి ఒక సంచి ఉంటుంది’ అంటే సరిపోతుంది. దేవుడిచ్చాడనో, ఆస్పత్రిలో కొనుక్కొచ్చామనో చెబితే, రేపు నిజం తెలిసిన రోజున ఇలాంటివి అమ్మను అడిగి లాభం లేదని పాప తీర్మానించుకుంటుంది.

ఈ గొడవకు మూలం వేరే ఉంది. 2005లో కేంద్రం తెచ్చిన కౌమార విద్యా కార్యక్రమం హైస్కూలు పిల్లల కోసం. అందులోని పాఠాలు, బొమ్మల మీద పెద్ద దుమారం రేగి 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, గుజరాత్, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. 2009లో వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో సెక్స్ ఎడ్యుకేషన్ వద్దని సిఫార్సు చేసింది. ఆ తర్వాత 2012లో, పిల్లల మీద లైంగిక నేరాలకు శిక్షలు వేసే పోక్సో చట్టం వచ్చింది. దాని కింద 2020లో చేసిన నియమాల్లో మూడోది, పిల్లల వయసుకు తగ్గట్టు వ్యక్తిగత భద్రత పాఠాలు తయారు చేయాలని ప్రభుత్వాలకే చెబుతోంది. 2024 సెప్టెంబరు 23న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు కూడా వయసుకు తగిన లైంగిక విద్య మీదున్న అపోహలు పోవాలంది. హైస్కూల్లో ఏది ఎంతవరకు చెప్పాలన్న వాదన ఇంకా ఉంది, ఉండనివ్వండి. పసిపిల్లల భద్రతను అందులోకి లాగడమే తప్పు.

‘మేం పెంచలేదా’ అన్నదానికీ జవాబుంది. కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో అచ్చువేసిన సర్వేలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు జరిగిందని చెప్పినవారు నూటికి 53 మంది. ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధితుల్లో సగానికి పైగా మగపిల్లలు. చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. అంటే ఆ రోజుల్లో జరగలేదని కాదు, ఇంట్లోవాళ్ల చెవిన పడలేదని.

చెవిన ఎందుకు పడదో చూడండి. మన ఇళ్లలో ఆ భాగాన్ని ‘షేమ్ షేమ్’ అంటాం, లేదంటే పువ్వనో, బుజ్జి అనో ముద్దుపేరు పెడతాం. యూకేజీ పిల్ల టీచరు దగ్గరికెళ్లి ‘అంకుల్ నా పువ్వు పట్టుకున్నాడు’ అంటుంది. టీచరు ఆ పిల్ల జడలోని మల్లెపూలు చూసి, ‘పోనీలే, రేపు ఇంకోటి పెట్టుకురా’ అని పంపేస్తుంది. పిల్ల చెప్పింది, పెద్దమనిషి విన్నది, కబురు మాత్రం చేరలేదు. ఇక ‘షేమ్ షేమ్’ అంటే ఆ చోటే సిగ్గుపడాల్సినదని నేర్పినట్టు. సిగ్గుపడాల్సిన చోటి గురించి ఏ పిల్ల నోరు విప్పుతుంది? యోని, పురుషాంగం, మలద్వారం అని ముక్కు చెవుల్లాగే మామూలు గొంతుతో చెప్పండి. అంతమాట నోరు తిరగకపోతే ‘ఒంటికి పోసుకునే చోటు’, ‘దొడ్డికి పోయే చోటు’ అనండి. బయటివాళ్లకు వెంటనే అర్థం కావడం ముఖ్యం.

ఇంట్లో మొదలుపెట్టడానికి స్నానాల వేళ మంచిది, రెండు నిమిషాలు చాలు. సబ్బు చేతికిచ్చి ‘ఇది నీ చోటు, నువ్వే కడుక్కో, రాకపోతే నేను సాయం చేస్తా’ అనండి. మూడేళ్లకు పేర్లు, అయిదేళ్లకు రహస్యాల సంగతి, ఎనిమిది దాటాక ఫోను, ఫొటోల సంగతి, తొమ్మిది పదికల్లా ఒంట్లో రాబోయే మార్పులు. పెద్దమనిషి అయ్యే రోజున కాదు, ఏడాది ముందే. ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పేస్తే పిల్లలు మర్చిపోతారు. నెలకోసారి మాటల్లో మాటగా రావాలి.

ప్రశ్న: స్కూల్లో గుడ్ టచ్, బ్యాడ్ టచ్ చెప్పారు. అప్పటి నుంచి మా బాబు టీకా వేసిన నర్సుది బ్యాడ్ టచ్ అంటాడు, తాతయ్య ఎత్తుకోబోతే విదిలించుకుంటున్నాడు. మా నాన్నగారు నొచ్చుకున్నారు. ఇది మంచికేనా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: తప్పు బాబుది కాదు, పాఠం చెప్పిన తీరులో ఉంది. ‘బాధ కలిగిస్తే బ్యాడ్’ అని నేర్పితే టీకా బ్యాడే అవుతుంది కదా. అంతకన్నా పెద్ద ప్రమాదం దీనికి అటువైపు ఉంది. పిల్లలకు హాని తలపెట్టేవాడు మొదట నొప్పి పెట్టడు. చాక్లెట్ ఇస్తాడు, ఫోనులో గేమ్ ఆడిస్తాడు, కితకితలు పెడతాడు. నొప్పి లేదు కాబట్టి ఇది బ్యాడ్ కాదనుకుంటాడు పిల్లాడు. ఏటా జాతీయ నేర గణాంకాల్లో పోక్సో కింద నమోదైన అత్యాచార కేసులు చూస్తే నిందితుల్లో నూటికి 90 మందికి పైగా తెలిసినవాళ్లే. ‘కొత్తవాళ్లతో జాగ్రత్త’ అని మాత్రమే చెబితే మిగతా పదిమంది గురించే చెప్పినట్టు.

ఎలా అనిపించిందన్నది వదిలేసి, ఏ చోటు, ఏ పని అన్నది నేర్పండి. చెడ్డీ బనియన్ల కింద ఉండే చోట్లను శుభ్రం చేయడానికి, ఒంట్లో బాగోకపోతే మందు రాయడానికి తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, చూడకూడదు, ఫొటో తీయకూడదు. డాక్టరైనా అమ్మో నాన్నో పక్కనుండగానే చూడాలి. ఎవరైనా తమవి చూపించినా, ముట్టుకోమన్నా, ఫోనులో బట్టల్లేని బొమ్మలు చూపించినా అదీ ఈ లెక్కలోకే వస్తుంది. ఈ సగం చాలా స్కూళ్లలో చెప్పకుండా వదిలేస్తున్నారు.

రెండోది రహస్యం. ‘ఇంట్లో చెప్పకు’ అన్న మాట ఎవరి నోట వచ్చినా అది అమ్మకు చెప్పాల్సిన మాట అని నేర్పండి. చెల్లి పుట్టినరోజుకు దాచిన బొమ్మ సంగతి రేపో ఎల్లుండో అందరికీ తెలుస్తుంది, అది సరదా. ఎప్పటికీ చెప్పొద్దన్నది సరదా కాదు.

మూడోది, ‘అరువు, పరుగెత్తు, చెప్పు’ దగ్గర పాఠం ఆపొద్దు. భయమేస్తే చాలామంది పిల్లలు కొయ్యబారిపోతారు, గొంతు పెగలదు. అరవమని మాత్రమే నేర్పితే, అరవలేకపోయిన పిల్లాడు తప్పు తనదే అనుకుని దాచిపెడతాడు. ‘అరవలేకపోయినా, ఆ చాక్లెట్ తిన్నా, ఎన్నాళ్లు చెప్పకపోయినా తప్పు నీది కాదు. ఎప్పుడు చెప్పినా కోప్పడం’ అన్నది పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం. చెప్పుకోవడానికి అయిదు వేళ్లకు అయిదుగురిని బాబుతోనే ఎంచుకోమనండి. వాళ్లలో ఒక్కరైనా ఇంటి బయటివాళ్లు ఉండాలి. ఇంట్లోవాళ్ల వల్లే కష్టం వచ్చినప్పుడు ఆ వేలే అక్కరకొస్తుంది.

తాతయ్యగారికి మీరే నెమ్మదిగా చెప్పండి. ‘ఎత్తుకోనా?’ అని అడిగితే బాబు తనే వస్తాడు, రాని రోజు నమస్కారం పెడతాడు. అలాగే ‘మావయ్యకు ముద్దిస్తేనే దింపుతా’ అనడం, బావామరదళ్లంటూ పసివాళ్లను అంటగట్టి నవ్వడం, మగపిల్లాణ్ణి ‘కోసేస్తా, కాకెత్తుకుపోతుంది’ అంటూ అక్కడ పట్టుకుని ఏడిపించడం మన ఇళ్లలో మానాలి. వాడు వద్దన్నా పెద్దవాళ్లు ఆగరని, అందరూ నవ్వుతారని నేర్పేది ఆ సరదాలే.

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచర్ని. ఎవరైనా పిల్లలు వచ్చి ఇలాంటిది చెబితే ఏం చేయాలి? ‘పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి’ అని మాత్రమే చెప్పారు. ఊళ్లో పెద్దమనుషులతో పేచీ వస్తుందని భయం.
– మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ముందు మీ ముఖం. మీరు బెదిరితే పిల్ల మిగతాది మింగేస్తుంది. కింద కూర్చుని, పిల్ల కళ్లకు సమంగా ఉండి, ఈ నాలుగు మాటలు చెప్పండి: ‘చెప్పి మంచిపని చేశావు. నేను నమ్ముతున్నాను. తప్పు నీది కాదు. నీకు సాయం చేసేవాళ్లకు చెబుతాను.’ ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు పెట్టకండి, నిలబెట్టుకోలేరు.

తర్వాత ప్రశ్నలు తగ్గించండి. ‘ఏమైంది?’, ‘ఆ తర్వాత?’ వరకే. ‘ఆటో అంకులేనా? అక్కడ పట్టుకున్నాడా?’ అని మీరు అందిస్తే పిల్ల తలూపుతుంది. రేపు కోర్టులో ఆ తలూపుడు మీరు నేర్పిన మాటేనంటారు. ‘ముందే ఎందుకు చెప్పలేదు’ అసలే అనొద్దు. పిల్ల వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు, ‘పువ్వు’ అంటే ‘పువ్వు’ అనే, తేదీ, టైము వేసి రాసుకోండి. సూపర్‌వైజరు ముందు ఒకసారి, సర్పంచి ముందు ఒకసారి మళ్లీ చెప్పించకండి.

ఈ మధ్యే జరిగి ఉంటే స్నానం చేయించొద్దు. విప్పిన బట్టలు ఉతక్కుండా ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి ఆనవాళ్లు పాడవుతాయి. ఒంటి మీది నమూనాలకు 96 గంటలు, హెచ్‌ఐవీ రాకుండా మందు మొదలుపెట్టడానికి 72 గంటలు గడువు. గడువు దాటినా వైద్యానికి వెళ్లాల్సిందే. ఎఫ్ఐఆర్ కాపీ తెస్తేనే చూస్తామని ఏ ఆస్పత్రీ అనకూడదు, వైద్యం ఉచితం. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి.

ఇక ఫోను: 1098 గాని, అత్యవసర నంబరు 112 గాని. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థను నడిపేవాళ్లు తమ కింది సిబ్బంది చేసింది దాస్తే ఏడాది దాకా. నిజమో కాదో తేల్చడం మీ పని కాదు, మంచి ఉద్దేశంతో చెప్పినందుకు మీ మీద కేసు ఉండదు. ఇది పెద్దమనుషుల్లో రాజీ చేసుకునే కేసు కాదని, కప్పిపుచ్చితే శిక్ష తప్పదని పేచీకొచ్చినవాళ్లకు చెప్పండి. నిందితుణ్ణి పిలిచి నిలదీయకండి. వాడు జాగ్రత్తపడతాడు, పిల్లను బెదిరిస్తాడు.

తల్లిదండ్రుల ధైర్యం కోసం ఈ సంగతులు మీకు గుర్తుండాలి. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో, పిల్లకు ఇష్టమైన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. పిల్ల పేరు, ఊరు, స్కూలు, ఏ ఆనవాలూ బయటకు రాకూడదు. 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. జిల్లాలో బాధితులకు సాయం చేసే సఖి కేంద్రం, కొన్నిచోట్ల భరోసా కేంద్రం వీటన్నిటికీ తోడుంటాయి.

ప్రశ్న: పాపను ఎల్‌కేజీలో చేర్చే ముందు స్కూలును ఏమడగాలి?
– విశాఖపట్నం

జవాబు: సీసీ కెమెరాలు ఎన్ని అని కాదు, పిల్లతో ఒంటరిగా ఉండే అవకాశం ఎవరికి ఉందని అడగండి. టాయిలెట్‌కు ఎవరు తీసుకెళతారు, ఆ దారిలో మూలగదులున్నాయా, బస్సులో చివరి పిల్ల దిగేదాకా ఆయా ఉంటుందా? 2020 పోక్సో నియమాల ప్రకారం టీచర్లకే కాదు, కాంట్రాక్టు డ్రైవర్లకు, స్వీపర్లకు కూడా పోలీసు వెరిఫికేషన్ ఉండాలి, అది ఎప్పటికప్పుడు మళ్లీ జరగాలి. రాతలో బాలల రక్షణ విధానం ఉందా, ఒక కాపీ ఇస్తారా? 2022లో హైదరాబాద్‌లో ఎల్‌కేజీ పాప కేసులో పట్టుబడింది ప్రిన్సిపల్ గారి డ్రైవరు. బోధనేతర సిబ్బంది గురించి గట్టిగా అడగమనడం అందుకే.

ప్రశ్న: మా అయిదేళ్ల బాబు, పక్కింటి పాప బట్టలు తీసి ఒకరినొకరు చూసుకుంటూ కనిపించారు. నాలుగు తగిలించాను. ఇది రోగమా?
– గుంటూరు

జవాబు: కాదు. ఒకే ఈడు పిల్లలు, ఇద్దరూ నవ్వుతూ, పిలిస్తే ఆపేస్తే అది ఊరికే కుతూహలం. ‘బట్టలు వేసుకోండి, ఆ చోట్లు ఎవరివి వాళ్లవే’ అని వేరే ఆటలో పెడితే సరి. కొట్టినందుకు బాబుకు సారీ చెప్పండి, లేకపోతే రేపు నిజంగా చెప్పాల్సింది కూడా దాస్తాడు. ఈడులో బాగా తేడా ఉన్నా, బలవంతమో బెదిరింపో ఉన్నా, పెద్దవాళ్ల చేష్టలను అచ్చంగా అనుకరిస్తున్నా, ఎంత చెప్పినా మానకపోయినా పిల్లల డాక్టరును కలవండి. ఆ పిల్లలకు ఎక్కడో ఏదో జరిగి ఉండవచ్చు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. పాప ప్రైమరీ స్కూలు. అక్కడి పాఠాల నుంచి తప్పించే హక్కు మాకు ఉందా?
– లీడ్స్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: సగం ఉంది. 2020 సెప్టెంబరు నుంచి అక్కడి ప్రైమరీ స్కూళ్లలో ‘రిలేషన్‌షిప్స్ ఎడ్యుకేషన్’ తప్పనిసరి. భద్రత పాఠాలు అందులోనే ఉంటాయి, వాటి నుంచి తప్పించలేరు. సెక్స్ ఎడ్యుకేషన్ విడిగా ఉంటే దాన్నుంచి తప్పించమని అడగొచ్చు, ప్రైమరీలో ప్రధానోపాధ్యాయులు ఒప్పుకుని తీరాలి. పాఠ్య సామగ్రి చూపించమని అడిగే వీలూ ఉంది. చూశాకే నిర్ణయించుకోండి. ఇంకొక పని మీ చేతిలోనే ఉంది. పాప అక్కడ ఇంగ్లిషులో నేర్చుకున్న ఆ పేర్లకు తెలుగు మాటలు కూడా చెప్పండి. సెలవులకు ఇక్కడికొచ్చినప్పుడు అమ్మమ్మకు ఏదైనా చెప్పాల్సి వస్తే ఆ మాటలే కావాలి.