వానలో మాక్రో (చిన్నవాటిని బాగా దగ్గరగా చూపే ఫొటో) తీస్తుంటే లెన్స్ మసకేస్తోంది, ఫ్లాష్‌కి తెల్ల మచ్చలు పడుతున్నాయి, నీటిబొట్టు ఫోకస్‌లో ఉండట్లేదు. ఏం చేయాలి?

మీరు అడిగిన మూడింటిలో అసలు చిక్కు మూడోది, అంటే ఆకు కొసన వేలాడే బొట్టులో కనిపించే పువ్వు పదునుగా రాకపోవడం. మిగతా రెండూ తేలికే కాబట్టి ముందు అవి చూద్దాం.

తుడిచిన క్షణాల్లోనే మళ్లీ మసకేస్తోందంటే అది వాన నీరు కాదు. ఏసీ గదిలో చల్లబడ్డ గాజు మీద బయటి గాలిలోని తేమ పేరుకుంటోంది. ఎన్నిసార్లు తుడిచినా గాజు వేడెక్కేదాకా అంతే. కెమెరా ఉన్న బ్యాగును జిప్ తెరవకుండా బయట 20-30 నిమిషాలు ఉంచండి. ఆలోగా లెన్స్ విప్పితే ఆ తేమ సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) మీద కూడా పడుతుంది.

కెమెరాకి మందపాటి ప్లాస్టిక్ సంచి చాలు. అడుగున హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం) కంటే కాస్త చిన్న రంధ్రం కోసి, హుడ్‌కి తొడిగి రబ్బర్ బ్యాండు వేయండి. సంచి మూతి కిందికి ఉండాలి, చెయ్యి అటునుంచే పెట్టాలి. నీరు దూరే అవకాశం ఎక్కువ ఉన్నవి ఫ్లాష్ తగిలించే హాట్ షూ, లెన్స్ బాడీకి అతికే చోటు. ఫోకస్ చేస్తే గొట్టం ముందుకు సాగే లెన్స్ అయితే మరింత జాగ్రత్త: ముడుచుకునేటప్పుడు పైనున్న తడిని లోపలికి లాక్కుంటుంది.

అయితే సంచి కన్నా గొడుగు ముఖ్యం, అదీ కెమెరాతో పాటు మీరు తీసే ఆకు మీదికి కూడా రావాలి. తెల్ల మచ్చలంటే లెన్స్‌కీ ఆకుకీ మధ్య రాలుతున్న చినుకులే. కెమెరా నెత్తిన ఉన్న ఫ్లాష్‌కి అవి ఆకు కన్నా దగ్గర, అందుకే వాటి మీదే వెలుగు ఎక్కువ పడుతుంది. ఫ్లాష్‌ను కెమెరా నుంచి తీసి, డిఫ్యూజర్ (వెలుగును మెత్తబరిచే తెర) పెట్టి, ఆకుకి పక్కనుంచి దగ్గరగా కొట్టండి. రంగు గొడుగు వద్దు. ఎర్ర గొడుగు కింద పచ్చటి ఆకు మట్టిరంగుకి తిరుగుతుంది. తెల్లదైతే పైనుంచి వచ్చే వెలుగు మెత్తబడుతుంది కూడా. అంచు నుంచి కారే నీళ్లు ఆకు మీద పడకుండా గొడుగును వెనక్కి వంచి పట్టించండి.

ఇక బొట్టు. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 1:1 దగ్గర (వస్తువు సెన్సర్ మీద దాని అసలు సైజులోనే పడేంత దగ్గరగా) ఎఫ్/8 (ఈ సంఖ్య పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది) పెడితే పదునుగా వచ్చే లోతు దాదాపు 1 మిల్లీమీటరు. బొట్టే 4 మిల్లీమీటర్లు ఉంటుంది. పైగా బొట్టు చిన్న కుంభాకార కటకంలా పనిచేస్తుంది. వెనకున్న పువ్వు అందులో తలకిందులుగా కనిపిస్తుంది కానీ, ఆ బింబం నిజానికి బొట్టు లోపల ఉండదు. గుండ్రటి బొట్టు అయితే దాని ముందు అంచు నుంచి కెమెరా వైపుకి సుమారు ఒక వ్యాసార్ధం దూరంలో, గాలిలో ఏర్పడుతుంది. అంటే 4 మిల్లీమీటర్ల బొట్టుకి 2 మిల్లీమీటర్లు ఇవతల. మీరు బొట్టు చుట్టూ ఉన్న గీత మీద ఫోకస్ పెడుతున్నారు, అది బొట్టు మధ్యన ఉంటుంది. అక్కడికీ బింబానికీ 4 మిల్లీమీటర్ల తేడా. పువ్వు మసకగా రావడానికి కారణం ఇదే.

కాబట్టి మాన్యువల్ ఫోకస్‌లో గీతను పట్టుకుని, రింగు ముట్టకుండా కెమెరాను వెంట్రుకవాసి చొప్పున వెనక్కి జరపండి. పువ్వు రేకులు తేటపడే చోట ఆగండి. గీతా పువ్వూ రెండూ కావాలంటే ఎఫ్/22 కి పరుగెత్తకండి. 1:1 లో ఎఫ్ సంఖ్య దాదాపు రెట్టింపైనట్టు లెక్క, ఎఫ్/22 అంటే ఎఫ్/44 అన్నమాట, డిఫ్రాక్షన్‌తో (చిన్న రంధ్రం గుండా వెళ్లే వెలుగు చెదరడంతో) బొమ్మంతా మెత్తబడుతుంది. దానికన్నా వెనక్కి వచ్చి 1:2 లో (సగం సైజులో) ఎఫ్/11 తో తీయండి. లోతు సుమారు 4 మిల్లీమీటర్లు దొరుకుతుంది. తర్వాత క్రాప్ చేసుకోవచ్చు. పువ్వు బొట్టుకి వెనక 5-10 సెంటీమీటర్లలో, ముఖం కెమెరా వైపు ఉండాలి. వెనక ఏమీ లేకపోతే బొట్టు బూడిదరంగు గోళీలా కనిపిస్తుంది.

గాలికి ఊగుతుంటే నేలలో పుల్ల గుచ్చి, కాడను కింది భాగంలో క్లిప్‌తో పట్టించండి. ఆకును తాకితే బొట్టు రాలిపోతుంది. తడి నేలలో ట్రైపాడ్ కాళ్లు మెల్లగా దిగబడి ఫోకస్ తప్పిస్తాయి, ముందే గట్టిగా నొక్కి పెట్టండి. షట్టర్ 1/250 సెకను, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 800-1600 మంచి మొదలు. బొట్టు మెరుపులు కాలిపోకుండా ఎక్స్‌పోజర్ మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల స్టాప్ (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించండి. పోలరైజర్ (లెన్స్ ముందు పెట్టి తిప్పే ఫిల్టర్) తడి ఆకు మీది తెల్లటి మెరుపు తీసేసి పచ్చదనం తెస్తుంది కానీ, ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుగు తింటుంది, బొట్టు తళుకునీ చంపుతుంది. సగం తిప్పి ఆపడం నాకు నచ్చుతుంది.

ఇంటికొచ్చాక తడి కెమెరాను బ్యాగులో మూసి పెట్టకండి, ఫంగస్‌కి కావాల్సింది అదే. బ్యాటరీ తీసి, రుద్దకుండా గుడ్డతో అద్ది, రాత్రంతా సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) ఉన్న డబ్బాలో ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ మాత్రం వద్దు, ఆ గాలి నీటిని సందుల్లోకి నెడుతుంది.