రోలర్ ఆగే ఉంది, చక్రం మాత్రం ఎందుకు తిరిగేది?

ప్రశ్న: సార్, మాది పాకాల పక్కన పల్లె. చిన్నప్పుడు రోడ్డుకి కంకర పరిస్తే పొగగొట్టం రోలర్ వచ్చేది, బడి ఎగ్గొట్టి దాని ఎనకాలే తిరిగేవాళ్లం. ఒక్కోసారి అది చింతచెట్టు కింద కదలకుండా నిలబడి ఉన్నా పక్కనుండే పెద్ద చక్రం మాత్రం గిర్రున తిరుగుతా ఉండేది, ఎందుకట్లా? మా మనవడేమో రోలర్లన్నీ డీజిలే అవ్వా, నువ్వు రైలింజన్‌తో కలిపేసుకున్నావ్ అంటాడు. ఆ చుక్‌చుక్ శబ్దం యాడ్నించి వచ్చేదో కూడా చెప్పండి.
- ఒక పాఠకురాలు, పాకాల

జవాబు: మీరే కరెక్టమ్మా. బొగ్గు రోలర్లు బ్రహ్మాండంగా ఉండేవి, రైలింజన్లు చేసిన టెల్కో వాళ్లే, అంటే ఇప్పటి టాటా మోటార్స్, ఆవిరి రోలర్లు కూడా చేశారు.

మీరు చూసిన చక్రం ఫ్లైవీల్, అంటే ఇంజన్‌కే తగిలించిన బరువైన చక్రం, ఇంజన్ తిరిగితే అదీ తిరుగుతుంది. బాయిలర్‌లో నీళ్లు ఆవిరైపోయి తగ్గిపోతా ఉంటాయి కదా, మళ్లీ నింపాలంటే లోపల అంత ప్రెషర్ ఉంటే బిందెతో పోస్తే పోతాయా, పంపుతో తోయాల్సిందే, ఆ పంపు ఇంజన్‌కే తగిలించి ఉండేది, ఇంజన్ ఆగితే అదీ ఆగుతుంది. అందుకని డ్రైవర్ గేరు తప్పించి బండి కదలకుండా ఇంజన్ ఒక్కటే తిప్పేవాడు. నీళ్లు మరీ తగ్గితే పొయ్యి పైరేకు కాలిపోయి బాయిలర్ పేలే ప్రమాదం, దానికోసం అక్కడ ఒక సీసం బిరడా పెట్టేవాళ్లు, వేడెక్కితే సీసం కరిగి ఆవిరి బుస్సుమని మంట మీద పడేది. డ్రైవర్ మీతో ఎన్ని కబుర్లు చెప్పినా ఒక కన్ను నీటిమట్టం చూపించే గాజు గొట్టం మీదే ఉండేది అందుకే.

ఇక చుక్‌చుక్. చాలామంది చక్రాల శబ్దం అనుకుంటారు, కాదు. సిలిండర్‌లో పని అయిపోయిన ఆవిరిని పొగగొట్టంలోకి వదుల్తారు, ఆ ఊదుడు శబ్దమే చుక్‌చుక్, ఆ ఆవిరి పైకి ఎగజిమ్ముతా పొగని కూడా లాక్కుపోతుంది, దాంతో కింద పొయ్యిలోకి గాలి దూరి బొగ్గు భగ్గుమంటుంది. అంటే బరువు ఎంత లాగితే ఊదుడు అంత గట్టిగా, మంట అంత పెద్దగా, ఫ్యాను లేదు మోటారు లేదు, నాకైతే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రెండు సిలిండర్ల రైలింజన్ పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు చుక్కులు. అప్పట్లో మీ పాకాల నుంచి ధర్మవరం పోయే మీటర్‌గేజి బండి పీలేరు దాటి మదనపల్లె వైపు ఎత్తెక్కేటప్పుడు ఆ చుక్కుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేవాళ్లం, కిటికీలోంచి తల బయటపెట్టి లెక్కపెడితే మాత్రం కంట్లో బొగ్గు నలుసు పడేది గ్యారంటీగా!

పశ్చిమబెంగాల్‌లోని చిత్తరంజన్ రైలింజన్ల కార్ఖానాలో 1972 దాకా ఆవిరింజన్లు చేశారు. మనవడు నమ్మకపోతే ఊటీ కొండ రైలు ఎక్కించండి, మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఇంకా ఆవిరింజనే. కొండెక్కేటప్పుడు ఇంజన్ వెనక నుంచి తోస్తుంది, కాబట్టి సీటు చివరి పెట్టెలో దొరికితే శబ్దం బాగా వినిపిస్తుంది, టికెట్లు మాత్రం చాలా ముందే అయిపోతాయి.