సైరన్ వింటే చెమటలు... పాత జబ్బు తిరగబెట్టినట్టేనా?

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. బైపోలార్ జబ్బుకు తొమ్మిదేళ్లుగా లిథియం వాడుతున్నాడు. 2021లో కరోనా వచ్చి 11 రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. పక్క బెడ్ల మీద ఇద్దరు కళ్లముందే పోయారు. ఇప్పటికీ అంబులెన్స్ సైరన్ వింటే చెమటలు పట్టి వణికిపోతాడు, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తాడు. ఆస్పత్రికి రానంటాడు. ఏడాదిగా రక్తపరీక్షలు లేవు. పాత జబ్బే ముదిరిందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. లిథియం డోసు పెంచాలా?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: పెంచకండి. మానసిక జబ్బు ఉన్న మనిషి ఏ బాధ చెప్పినా పాత జబ్బు ఖాతాలోనే రాసేస్తాం. దానివల్లే మీ తమ్ముడిలాంటి వాళ్లకు రెండో సమస్య ఏళ్లతరబడి బయటపడదు. మీరు రాసినవి పీటీఎస్‌డీ (భయంకర అనుభవం మనసులో మిగిల్చే గాయం) లక్షణాల్లా ఉన్నాయి. భయంకరమైన సంఘటన తర్వాత పీడకలలు, ఉలికిపాటు, దాన్ని గుర్తుచేసే చోట్లకు దూరంగా ఉండటం నెల దాటినా తగ్గకపోతే ఇదే అనుమానించాలి.

తేడా నిద్రలో కొంత తెలుస్తుంది. మేనియాలో, అంటే బైపోలార్‌లో ఉత్సాహం హద్దు దాటే దశలో, మూడు గంటలే పడుకున్నా హుషారుగా ఉంటారు, మాట వేగం, ఖర్చు పెరుగుతాయి. పీటీఎస్‌డీలో నిద్ర కావాలనే ఉంటుంది, కలలకు భయపడి పడుకోరు, పగలంతా నీరసం. అయితే నిద్ర చెడితే మేనియా కూడా రావచ్చు. అందుకే రెండు వారాలు నిద్ర వేళలు, పీడకలలు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. డాక్టరుకు అది చాలా పనికొస్తుంది.

ముందు చేయాల్సింది రక్తపరీక్ష. ఆస్పత్రికి రాకపోయినా పర్వాలేదు, ల్యాబ్ వాళ్లను ఇంటికే పిలవండి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి డోసు వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. లిథియం లెవెల్‌తో పాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరుకు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు), కాల్షియం చూడాలి. లిథియం లెవెల్ సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. జ్వరం, విరేచనాలు, మన మే నెల ఎండల్లో ఒంట్లో నీరు తగ్గడం, ఉన్నట్టుండి ఉప్పు మానేయడం, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఈ లెవెల్‌ను పెంచేస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. చేతులు బాగా వణకడం, వాంతులు, మాట తడబడటం, నడక తూలడం కనిపిస్తే ఒంట్లో లిథియం మితిమీరి ఉండొచ్చు, మాత్ర ఆపి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

పీటీఎస్‌డీకి ప్రధాన వైద్యం ట్రామాకు (మానసిక గాయానికి) ప్రత్యేకించిన సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స) లేదా ఈఎండీఆర్ (కళ్లను అటూఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాల తీవ్రత తగ్గించే చికిత్స). సాధారణంగా వారానికొకటి చొప్పున 8 నుంచి 12 సెషన్లు. దీనికి వాడే సెర్ట్రాలిన్ లాంటి మందులు బైపోలార్ ఉన్నవారిలో మేనియా రేపగలవు కాబట్టి సైకియాట్రిస్ట్ రాయకుండా వద్దు. నిద్రకని మెడికల్ షాపులో అల్ప్రాజోలమ్ అసలు కొనకండి. పీటీఎస్‌డీని తగ్గించదు, అలవాటు మాత్రం పడుతుంది.

సైరన్ వినిపించినప్పుడు "ఏం కాదులే" అనకండి. పాదాలు నేలకు ఆనించమని, చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పమనండి. ఈ రోజు తేదీ, తానున్న చోటు కూడా చెప్పించండి. ఆ 11 రోజుల సంగతి తవ్వి అడగవద్దు, తనంతట తాను చెబితే వినండి.

ఆస్పత్రికి రానంటున్నాడు కాబట్టి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌ (14416)కు ఫోన్ చేయించండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే మాత్రం ఒంటరిగా వదలకుండా అదే రోజు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికో, దగ్గర్లోని ఎమర్జెన్సీకో తీసుకెళ్లండి. మామూలు విజిట్‌కైతే జనం తక్కువుండే వేళ అపాయింట్‌మెంట్ అడగండి. వంతు వచ్చేదాకా అతన్ని బయట చెట్టుకిందో, ఆటోలోనో కూర్చోనివ్వండి. 2021 నాటి డిశ్చార్జ్ కాగితం, నిద్ర రాసిన పుస్తకం, రక్తపరీక్ష రిపోర్టు మీ చేతిలో ఉండాలి.