డౌన్‌టౌన్‌లో గది తీసుకోవాలా? ముమ్మిడివరం తమ్ముడికి జవాబు

ప్రశ్న: అన్నగారూ, మాది అమలాపురం దగ్గర ముమ్మిడివరమండి. ఒహాయోలో కొలంబస్‌లో ఉద్యోగం వచ్చింది. ఆఫీసు డౌన్‌టౌన్‌లో, అంటే ఊరి నడిబొడ్డున, వారానికి మూడు రోజులు వెళ్ళాలి. దగ్గర్లోనే గది తీసుకుందామనుకుంటే, అమెరికాలో డౌన్‌టౌన్లు చచ్చిపోయాయి, ఊరి అంచున పొలారిస్ వైపు మనవాళ్ళతో ఉండమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏది మంచిదండి? ఇంకో సంగతి. అమలాపురం గడియార స్తంభం సెంటర్‌కి దగ్గర్లో మా నాన్నగారి బట్టల కొట్టు ఉంది. బైపాస్ వైపు పెద్ద షాపులు వచ్చాక గిరాకీ తగ్గింది. ఇప్పుడే అమ్మేయమని చెప్పాలా?

జవాబు:

తమ్ముడూ, అద్దె అగ్రిమెంటు, డ్రైవింగ్ లైసెన్సు, ఇన్సూరెన్సు, ఇవన్నీ ఒహాయో ప్రభుత్వ వెబ్‌సైట్లోనో మీ హెచ్చార్ దగ్గరో తేలిపోతాయి. ఒక పూట కూర్చుంటే నీకే తెలుస్తాయి. ఆఫీసు అయిపోయాక నీ చుట్టూ మనిషనేవాడు ఉంటాడా లేడా అన్నది మాత్రం ఏ వెబ్‌సైట్లోనూ దొరకదు. కొత్తగా దిగిన మన పిల్లల్ని ఏళ్ళ తరబడి చూస్తున్నాను. ఉద్యోగం పోయినవాళ్ళు ఇంకోటి వెతుక్కున్నారు. అప్పులైనవాళ్ళు తీర్చుకున్నారు. పలకరించే దిక్కు లేక కుంగిపోయిన పిల్లలే సగంలో తిరిగి వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళలోనూ కొందరు తలుపు వేసుకుని ఫోను చూసుకుంటూ ఏళ్ళు గడిపేస్తున్నారు. అందుకే ముందు ఆ మాట మాట్లాడుకుందాం.

మాది పాలకొల్లు. మెయిన్ రోడ్డుకి దగ్గర్లో ఒక సందులో ఇల్లు. ఊరి నడిమధ్య ఉంటే ఏ వేళకైనా ఏదో ఒకటి దొరుకుతుంది, ఎవరో ఒకరు కనబడతారు అన్న నమ్మకంతో పెరిగాను. తెల్లారకుండానే క్షీరారామానికి వెళ్ళేవాళ్ళు, పూల బుట్టలు, పాల క్యాన్లు. రాత్రి సెకండ్ షో వదిలాక కూడా టీ కొట్టు దగ్గర నలుగురు నిలబడి ఉండేవారు. ఆ నమ్మకంతోనే 2001 చివర్లో కొలంబస్‌లో దిగి, బ్రాడ్ స్ట్రీట్, హై స్ట్రీట్ కలిసే చోటికి దగ్గర్లో గది తీసుకున్నాను. అటు చూస్తే రాష్ట్ర శాసనసభ, ఇటు చూస్తే 1927 నాటి 47 అంతస్తుల లెవెక్ టవర్. రాష్ట్ర రాజధానిలో నడిబొడ్డున ఉంటున్నానని ఇంటికి గొప్పగా చెప్పాను.

సాయంత్రం ఐదున్నరకల్లా వీధి ఖాళీ అయిపోయేది. ప్రభుత్వ ఆఫీసులవాళ్ళు, బ్యాంకులవాళ్ళు, ఇన్సూరెన్సు కంపెనీలవాళ్ళు పార్కింగ్ గ్యారేజీల్లోంచి వరసకట్టి హైవే ఎక్కేసేవారు. మధ్యాహ్నం కిటకిటలాడిన భోజనం హోటళ్ళు శని, ఆదివారాలు తలుపులే తీసేవి కావు. ఆదివారం పాల కోసం బయల్దేరితే నడిచివెళ్ళే దూరంలో కిరాణా కొట్టు లేదు. చలికి ఆగలేక సిటీ సెంటర్ అనే మాల్‌లోకి వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఏమీ కొనేవాణ్ణి కాదు, నలుగురి మాటలు చెవిన పడతాయని వెళ్ళేవాణ్ణి. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా ఏ భాషలోనూ నోరు విప్పని వారాలున్నాయి. సోమవారం ఆఫీసులో గుడ్ మార్నింగ్ అనబోతే గొంతు పెగిలేది కాదు. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నానని చెప్పేవాణ్ణి. అలా దాచిపెట్టడం గదిని తప్పుగా ఎంచుకోవడం కన్నా పెద్ద పొరపాటు. నువ్వు ఆ పని చెయ్యకు. బాగాలేకపోతే బాగాలేదని మీ అమ్మగారికి చెప్పు.

ఆ మాల్ కథ నువ్వు తెలుసుకోవాలి, ఎందుకంటే నీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. డౌన్‌టౌన్‌కి జనాన్ని మళ్ళీ రప్పించాలని 1989లో దాన్ని కట్టారు. పక్కనున్న లాజరస్ అనే పాతకాలపు పెద్ద దుకాణం నుంచి రోడ్డు మీదుగా గాలిలో వేసిన వంతెనలో నడిచి లోపలికి వెళ్ళొచ్చు. మొదట్లో విరగబడి వచ్చారట. తర్వాత 1997లో టటిల్, 1999లో ఈస్టన్, 2001లో పొలారిస్, ఒకదాని తర్వాత ఒకటి ఊరి అంచుల్లో, జనం కాపురాలున్న వైపే లేచాయి. ఇంటి పక్కనే మాల్, ఊరికే పార్కింగ్ ఉంటే డౌన్‌టౌన్ దాకా ఎవరొస్తారు? నేను కూర్చున్న రోజుల్లో ఒక్కో కొట్టూ షట్టర్ దించేస్తోంది. 2004లో లాజరస్ మూసేశారు. 2009లో మాల్ కూడా మూసేసి, ఆ తర్వాత నేలమట్టం చేశారు.

దేశమంతా ఇదే వరస. 1956లో హైవేల చట్టం వచ్చింది, ఊరి బయట కాపురం పెట్టి కారులో తిరగడం సులువైంది. అదే ఏడాది మిన్నెసోటాలోని ఈడైనాలో సౌత్‌డేల్ అని, అంతా ఒకే కప్పు కింద ఉండే మాల్ తెరిచారు. ఆ తరహాలో దేశంలో అదే మొదటిది. పైగా ఇళ్ళున్న చోట కొట్టు పెట్టకూడదు, కొట్లున్న చోట ఇల్లు కట్టకూడదు అని ఊరూరా నిబంధనలు పెట్టుకున్నారు. డెట్రాయిట్‌లో 1950లో 18 లక్షలకు పైగా జనం ఉండేవారు. 2020 లెక్కల్లో 6 లక్షల 39 వేలు. ఆఫీసులు, బ్యాంకులు, స్టేడియాలు ఎన్ని కట్టినా, రాత్రి అక్కడ పడుకునేవాళ్ళు లేకపోతే ఊరి నడుమ నిలబడదు. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది అది.

నా సంగతికి వస్తే, ఆ గదికి విరుగుడనుకుని ఇంకో తప్పు చేశాను. కొలంబస్ శివారు డబ్లిన్ వైపు ఒక అపార్ట్‌మెంటులో మన కుర్రాళ్ళు నలుగురుంటే వెళ్ళి చేరాను. నీ ఫ్రెండ్స్ ఇప్పుడు నిన్ను చెయ్యమంటున్నదీ అదే. పప్పు, పచ్చడి, మన సినిమాలు, వారం వారం పేకాట. మొదట్లో ప్రాణం లేచొచ్చింది. కానీ నాకు కారు లేదు, రోడ్డు పక్కన కాలిబాట లేదు. ఎదురుగా కనబడుతున్న కిరాణా షాపుకి ఎవరైనా తీసుకెళ్తేనే వెళ్ళగలను. ప్రాజెక్టులు అయిపోగానే ఒకడు డల్లాస్, ఇంకొకడు న్యూజెర్సీ. ఒక్కొక్కరూ వెళ్ళిపోయి, వాళ్ళు వదిలేసిన పరుపుల మధ్య నేను మిగిలాను. ఆ ఫిబ్రవరి నాకు ఇప్పటికీ గుర్తు. మనవాళ్ళు తోడుంటారు నిజమే, కానీ ఉద్యోగం ఎటు లాగితే అటు పోతారు. చుట్టూ ఊరనేది ఉంటే ఎవరు వెళ్ళిపోయినా నువ్వు నిలబడగలవు.

ఆ తర్వాత హై స్ట్రీట్ పట్టుకుని ఉత్తరానికి, క్లింటన్‌విల్ వైపు మారాను. 2వ నంబరు బస్సు తిన్నగా డౌన్‌టౌన్‌కి తీసుకెళ్తుంది. మంగలి షాపు, లాండ్రీ, రొట్టెల కొట్టు, అన్నీ నడకే. పక్కింటి పెద్దావిడ మంచు ఊడుస్తూ పలకరించేది. చిన్న విషయాలే అనిపిస్తాయి నీకు. అక్కడ కుదుటపడ్డాకే పని మీద మనసు నిలిచింది, పెళ్ళి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల్ని పెంచి చదివించాను, ఊరి శివార్లలో పావెల్‌లో సొంతిల్లు కట్టుకున్నాను. మా వెనక వచ్చినవాళ్ళలో ఎంతోమంది మా ఇంట్లో దిగి వెళ్ళినవాళ్ళే. మీ తరం ఫోనులో మ్యాపు చూసి, స్టార్లు లెక్కపెట్టి ఇల్లు ఖాయం చేసేస్తారు. అలా తేలే విషయం కాదిది, చెప్పినమాట విను.

ఇప్పుడు డౌన్‌టౌన్ చచ్చిపోయిందన్నది నిజం కాదు. ఆ మాల్ పడగొట్టిన చోట 2011లో కొలంబస్ కామన్స్ అని పార్కు తెరిచారు, దాని చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. లెవెక్ టవర్‌లో ఒకప్పుడు ఆఫీసులున్న అంతస్తుల్లో ఇప్పుడు హోటలు, కాపురాలు. హై స్ట్రీట్ మీదే ఉత్తరాన ఉన్న షార్ట్ నార్త్ అనే పేటకీ డౌన్‌టౌన్‌కీ మధ్య ఐ-670 హైవే గుంటలా అడ్డం ఉండేది. 2004లో దాని మీది వంతెనకి రెండు వైపులా కొట్లు కట్టేశారు. మన అమలాపురం నల్ల వంతెన మీద కాలువ దాటినట్టు, కింద హైవే ఉందని తోచకుండానే నడిచిపోతావు. నేనొచ్చినప్పుడు అది ఉండి ఉంటే నా మొదటి ఏడాది వేరేగా ఉండేది. అయితే 2020 తర్వాత చాలా ఆఫీసులవాళ్ళు కొన్ని రోజులు ఇంటి నుంచే పనిచేస్తున్నారు. మంగళ, బుధ, గురువారాల్లో కనిపించే సందడి చూసి మోసపోకు.

కాబట్టి శాసనసభ చుట్టుపక్కల వద్దు, పొలారిస్ కూడా వద్దు. హై స్ట్రీట్ వెంబడి, షార్ట్ నార్త్ నుంచి క్లింటన్‌విల్ దాకా ఎక్కడైనా చూడు. షార్ట్ నార్త్‌లో అద్దె ఎక్కువ, పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. గది ఖాయం చేసేముందు అక్కడున్న ఎవరినైనా మంగళవారం రాత్రి ఎనిమిదింటికి, మళ్ళీ ఆదివారం పొద్దున్న పదింటికి ఆ వీధిలోంచి వీడియో కాల్ చెయ్యమను. కొట్ల పైనున్న కిటికీల్లో దీపాలున్నాయా, కుక్కనో పిల్లాడినో తీసుకుని ఎవరైనా నడుస్తున్నారా, ఆదివారం కూడా తెరిచే కిరాణా కొట్టు ఉందా చూడు. మూడూ ఉంటే అడ్వాన్సు కట్టేయ్. రైలు మాత్రం అడగకు. 1979 తర్వాత ఆ ఊరికి ప్యాసింజర్ రైలు లేదు. అమలాపురానికి రైలు వస్తుందని వింటూ పెరిగినవాడివి, అదేం నీకు కొత్త కాదు. దిగిన వారంలోనే గ్రాంట్ అవెన్యూలోని మెయిన్ లైబ్రరీలో కార్డు తీసుకో. వెచ్చగా ఉంటుంది, డబ్బు అడగరు, మనుషులుంటారు. మనవాళ్ళ కోసం వారాంతంలో పావెల్ దగ్గర భారతీయ దేవాలయానికి రా.

ఇక మీ నాన్నగారి కొట్టు. అమెరికా డౌన్‌టౌన్లని చూపించి ఆయన్ని భయపెట్టకు. మన డెల్టాలో ఊరి చివర అంటే వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు. అక్కడ షాపు కట్టాలంటే ముందు మట్టి తోలి మెరక చెయ్యాలి, ఆ ఖర్చంతా సరుకు మీదే పడుతుంది. పైగా మన సెంటర్లలో కింద కొట్టు, పైన కాపురం. కూరగాయల మార్కెట్టు, గుడి, డాక్టర్లు, టైలర్లు అన్నీ నడకదూరం. సార్వా, దాళ్వా పంటల డబ్బు చేతికొచ్చినప్పుడు, గల్ఫ్ నుంచి మనిషి సెలవుకి దిగినప్పుడు, ముహూర్తాలు పెట్టుకున్నప్పుడు కుటుంబమంతా కలిసి బట్టలకి వచ్చేది తెలిసిన కొట్టుకే. చీర తీసుకుని, పక్క సందులో జాకెట్టు కుట్టడానికిచ్చి, పసుపు కుంకుమ కొనుక్కుని వెళ్తారు. బైపాస్ మీద ఆ పనులన్నీ ఒక్కచోట అవవు.

నాకు గుబులు పుట్టించేది వేరే ఉంది. పోయినసారి పాలకొల్లు వెళ్ళినప్పుడు మా వీధిలో మేడ మీద కాపురాలు కొన్ని ఖాళీ చేసి గోడౌన్లు చేసేశారు. పిల్లలు హైదరాబాద్‌లోనో ఇక్కడో ఉంటే ముసలివాళ్ళు ఊరవతల అపార్ట్‌మెంటుకి మారిపోతున్నారు. కొట్ల మీద రాత్రి దీపాలు తగ్గాయి. మీ కొట్టు పైన ఎవరుంటున్నారు? మీరే ఉంటే కదలొద్దు. ఖాళీగా ఉంటే సరుకు నింపకుండా ఒక కుటుంబానికి అద్దెకివ్వమను. అద్దె కొంచెం తగ్గినా పరవాలేదు. నువ్వు ఇక్కడికి వచ్చేశాక మీ అమ్మానాన్నలకి కూడా పైనో పక్కనో మనిషి అలికిడి ఉండాలి కదా.

సంక్రాంతికి నేను పాలకొల్లు వస్తున్నాను. పండక్కి ముందు చించినాడ వంతెన మీదుగా అమలాపురం వచ్చి మీ నాన్నగారిని కలుస్తాను. కొట్టు లెక్కల పుస్తకం తీసి ఉంచమను. అప్పటిదాకా బేరానికి వచ్చినవాళ్ళ దగ్గర బయానా తీసుకోవద్దని చెప్పు.