ఓసీ వచ్చాక కొన్న ఫ్లాటుకూ జీఎస్టీ కట్టాలా?

ప్రశ్న: మాది వరంగల్. మావారు ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు. ఆ సొమ్ము, ఊళ్లో పొలం అమ్మిన సొమ్ము కలిపి హైదరాబాద్ బాచుపల్లిలో 72 లక్షలకు కొత్త ఫ్లాటు తీసుకున్నాం. 2025 ఫిబ్రవరి 11న లక్ష రూపాయలు యూపీఐలో బయానా పంపాం. మార్చి 18న బిల్డింగుకు ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే నివాసానికి అనుమతి పత్రం) వచ్చింది. ఏప్రిల్‌లో అగ్రిమెంటు రాసుకుని, మే నెలలో మిగతా 71 లక్షలూ ఇచ్చేశాం. ఓసీ వచ్చిన ఫ్లాటుకు జీఎస్టీ ఉండదని ఏజెంటు ఒట్టేసి చెప్పాడు. ఇప్పుడు బిల్డరు 3.60 లక్షల జీఎస్టీ కడితేనే రిజిస్ట్రేషన్ అంటున్నాడు. లక్షన్నర నగదు ఇస్తే పాత రసీదు వెనక్కి తీసుకుని, ఓసీ తర్వాతి తేదీతో కొత్తది ఇస్తానని కూడా అంటున్నాడు. మావారికి నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఏజెంటు ఒట్లకు మీ దగ్గర సాక్ష్యం లేదు, ఉన్నా ఈ వ్యవహారంలో వాటికి విలువ లేదు. తేలవలసింది ఒక్కటే: ఫిబ్రవరి 11న మీరు పంపిన లక్ష రూపాయలు ఫ్లాటు ధరలో భాగమా, కాదా?

2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం రెండవ షెడ్యూలులోని 5(బి) పేరా ప్రకారం, అమ్మకం కోసం కట్టే భవన సముదాయ నిర్మాణం పన్ను పడే సేవ. నిర్మాణం పూర్తయిందని చెప్పే కంప్లీషన్ సర్టిఫికెట్ జారీ, భవనంలో మొదటి నివాసం, ఈ రెండింటిలో ఏది ముందైతే దాని తర్వాతే పూర్తి ధర ముట్టినట్లయితే మాత్రం పన్ను పడదు. మన దగ్గర ఆచరణలో ఓసీనే ఆ సర్టిఫికెట్‌గా చూస్తున్నారు. చట్టం వాడిన మాట ‘పూర్తి ధర’ అని గమనించండి. 71 లక్షలు ఓసీ తర్వాతే ఇచ్చాం కదా, ముందు ఇచ్చింది లక్షే కదా అన్న వాదన ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. ఓసీకి ముందు ధర కింద ఒక్క రూపాయి ముట్టినా పన్ను ఆ లక్షకు కాదు, మొత్తం 72 లక్షలకు పడుతుంది.

రేటు విషయంలో బిల్డరు లెక్క సరైనదే. 2019 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి ఇళ్లకు 5 శాతం. హైదరాబాద్‌లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా (గోడల లోపలి వాడకపు స్థలం), 45 లక్షల ధర మించని ఇంటికే 1 శాతం. భూమి విలువ కింద మూడో వంతు తీసేశాకే ఈ 5 శాతం నిలిచింది కాబట్టి, స్థలంలో మీకు వచ్చే అవిభాజ్య వాటా విలువను మళ్లీ తగ్గించమని అడగడం కుదరదు.

మీకు దారి ఉంటే అది రసీదులో ఉండాలి. అదే చట్టం సెక్షన్ 2(31) ప్రకారం, డిపాజిట్‌గా ఇచ్చిన సొమ్మును అమ్మేవాడు ధరలో జమ చేసుకునే దాకా అది ధర కాదు. వాపసు ఇవ్వదగిన డిపాజిట్ అని రాసి, ఓసీ తర్వాతే జమ వేసుకుని ఉంటే గట్టిగా వాదించవచ్చు. కానీ మీరు పంపిన చీటీ ఫోటోలో, తేదీ మీద సగం పడిన రబ్బరు స్టాంపు కింద, ‘ఫ్లాట్ 304 ధర కింద అడ్వాన్సు రూ. 1,00,000’ అని చేతిరాతతో స్పష్టంగా ఉంది. ఆ మాటలున్న చీటీతో డిపాజిట్ అన్న వాదన నిలవడం కష్టం.

లక్షన్నర నగదు సంగతి. ఆ ఆలోచన ఈరోజే మానుకోండి. రసీదు మార్చగలరేమో గానీ, యూపీఐ చెల్లింపు తేదీ మీ బ్యాంకు ఖాతాలోనూ బిల్డరు ఖాతాలోనూ ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. తేదీ మార్చిన రసీదు తప్పుడు పత్రం, అందులో మీరూ భాగస్తులవుతారు. పైగా ఆ నగదు ప్రభుత్వానికి చేరదు. 2024–25 నుంచి వర్తించే జీఎస్టీ చట్టం సెక్షన్ 74ఏ ప్రకారం, ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 42 నెలల దాకా శాఖ నోటీసు ఇవ్వవచ్చు. అప్పుడు బిల్డరు మీ అగ్రిమెంటు తీసి అసలు, వడ్డీ మీ దగ్గరే అడుగుతాడు. నగదు ఇచ్చామనడానికి మీ చేతిలో కాగితం ముక్క ఉండదు.

ఇక అగ్రిమెంటు. మీరు 1 నుంచి 4 పేజీలు, మళ్లీ 7వ పేజీ పంపారు. పన్నుల షరతు ఉండవలసింది సరిగ్గా పంపని 5, 6 పేజీల్లోనే! ప్రభుత్వానికి జీఎస్టీ కట్టవలసిన బాధ్యత బిల్డరుదే. మీ దగ్గర వసూలు చేసే హక్కు అతనికి ఒప్పందం వల్లనే వస్తుంది. ‘అన్ని పన్నులతో కలిపి 72 లక్షలు’ అని ఉంటే భారం అతనిదే. ‘పన్నులు అదనం’ అని ఉంటే మీదే. రిజిస్ట్రేషన్ కాకుండానే 72 లక్షలూ చేతిలో పెట్టేసిన మీ తొందర వల్ల బేరమాడే బలం పోయింది గానీ, హక్కు పోలేదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సెక్షన్ 17 ప్రకారం ఓసీ వచ్చిన మూడు నెలల్లో సేల్ డీడ్ చేసివ్వాలి. ఆ గడువు జూన్ 18తో ముగిసింది.

కాబట్టి ముందు ఆ రెండు పేజీలు చదవండి. భారం మీదే అయితే బ్యాంకు ద్వారానే చెల్లించి, జీఎస్టీ నంబరుతో ట్యాక్స్ ఇన్వాయిస్ తీసుకోండి. ఆ నంబరు చెలామణిలో ఉందో లేదో జీఎస్టీ పోర్టల్‌లో ముందే చూసుకోండి. వివాదం ఉందనుకుంటే అభ్యంతరాన్ని రాతపూర్వకంగా తెలిపి కట్టి, రిజిస్ట్రేషన్ చేయించుకోండి. రిఫండ్ అడగడానికి జీఎస్టీ చట్టం సెక్షన్ 54 కింద రెండేళ్లు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికీ రెండేళ్లే గడువు. బిల్డరు కదలకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, తెలంగాణ రెరాలో సెక్షన్ 31 కింద ఫిర్యాదు చేయండి.

రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, అంటే 5.40 లక్షలు వేరే సిద్ధం చేసుకోండి: స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. ప్రభుత్వ మార్కెట్ విలువ 72 లక్షల కంటే ఎక్కువైతే దాని మీదే లెక్క. ధర 50 లక్షలు దాటింది కనుక 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి ముందే కోసే ఆదాయపు పన్ను), అంటే 72,000 రూపాయలు, మీరే పట్టి కట్టవలసింది. దాని గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. కట్టకపోయి ఉంటే ఆ సొమ్ము బిల్డరు దగ్గర రాబట్టి వడ్డీతో కట్టండి, ఈ టీడీఎస్ కట్టేటప్పుడు వేసే 26క్యూబీ ఫారం ఆలస్యమైన ప్రతి రోజుకూ 200 రూపాయల రుసుము పెరుగుతూ ఉంటుంది.