డోవర్ తీరంలో కెప్టెన్ వెబ్ విగ్రహం

ప్రశ్న: ఇంగ్లాండులోని డోవర్ సముద్రతీరంలో కెప్టెన్ వెబ్ అనే ఈతగాడి విగ్రహం ఉంది. ఆయనది ఆ ఊరు కాదంటారు. మరి విగ్రహం అక్కడెందుకు? ఇంగ్లాండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఉన్న సముద్రపు పాయ ఇంగ్లిష్ చానల్ అక్కడ ముప్పై మూడు కిలోమీటర్లే కదా, ఈదడానికి ఆయనకు దాదాపు రోజంతా ఎందుకు పట్టింది?

జవాబు: మీరు విన్నది నిజమే. మాథ్యూ వెబ్ 1848లో సముద్రానికి చాలా దూరంలో ఉన్న ష్రాప్‌షైర్ ప్రాంతంలోని డాలీలో పుట్టాడు. ఈత నేర్చింది సెవెర్న్ నదిలో. చిన్న వయసులోనే ఓడల్లో చేరి, 1873లో అట్లాంటిక్ మధ్యలో నీళ్లలో పడిపోయిన నావికుడి కోసం నడుస్తున్న ఓడ మీది నుంచి దూకాడు. ఆ మనిషి దొరకలేదు గాని, ఆ సాహసానికి వెబ్‌కు మొట్టమొదటి స్టాన్‌హోప్ పతకం దక్కింది. సొంత ఊరు కూడా ఆయనను మరువలేదు. 1909లో అక్కడ స్మారకం కట్టి, గొప్ప పని ఏదీ సులువు కాదన్న మాటను దానిపై చెక్కించారు.

డోవర్‌లో విగ్రహం 1910లో వెలిసింది. అది నిలువెత్తు విగ్రహం కాదు, రాతి దిమ్మె మీద భుజాల వరకు ఉన్న కంచు ప్రతిమ. 1875 ఆగస్టు 24 మధ్యాహ్నం ఒంటి గంటకు కాస్త ముందు వెబ్ సముద్రంలోకి దూకింది ఆ ఊరి అడ్మిరల్టీ పియర్ అనే, సముద్రంలోకి కట్టిన రేవు కట్ట నుంచే. తేలడానికి ఏ సాధనమూ లేకుండా చానల్‌ను ఈదిన తొలి మనిషిగా చరిత్రకెక్కడానికి ఆయన బయలుదేరిన చోటు కాబట్టి, ఆ గౌరవంలో డోవర్‌కు పుట్టిన ఊరితో సమానమైన హక్కు ఉందనే నా అభిప్రాయం. పైగా విగ్రహం పెట్టేనాటికి ఆ ఘనత సాధించిన రెండో మనిషి ఇంకా లేడు. థామస్ విలియం బర్జెస్ 1911 సెప్టెంబరులో గాని ఆ పని చేయలేకపోయాడు.

ఇక మీ రెండో సందేహం. దూరాన్ని పటంలో స్కేలు పెట్టి కొలిస్తే చానల్ అర్థం కాదు. అక్కడ పోటు నీరు ఈశాన్యానికీ, ఆటు నీరు నైరుతికీ సుమారు ఆరేసి గంటలు ప్రవహిస్తాయి. ఈతగాడు వెళ్లవలసిన దిక్కుకు ఇది అడ్డం గనుక, ఫ్రాన్సు వైపు ఎంత నిలకడగా ఈదినా ప్రవాహం ఒకసారి ఒక పక్కకూ, మరోసారి రెండో పక్కకూ లాక్కుపోతూనే ఉంటుంది. ఈ వంకరల వల్ల వెబ్ ఈదిన దారి అరవై కిలోమీటర్లు దాటిందని లెక్క. ఆగస్టు 12న గాలీ అలలూ ఎక్కువై మొదటి ప్రయత్నాన్ని మధ్యలోనే విరమించుకున్న ఆయన, రెండోసారి ఒంటికి పోర్పస్ అనే డాల్ఫిన్ లాంటి సముద్రజీవి నూనె పూసుకుని, తోడుగా పడవలు వస్తుండగా, బ్రెస్ట్‌స్ట్రోక్‌తోనే, అంటే రెండు చేతులూ ఒకేసారి ముందుకు చాచి పక్కలకు తోసే ఈతతోనే సాగాడు. జెల్లీ చేప కుట్టినప్పుడు పడవ నుంచి అందించిన బ్రాందీ తాగి మళ్లీ చేతులాడించాడు. అసలు పరీక్ష చివర్లో ఎదురైంది: ఫ్రాన్సు తీరంలోని కేప్ గ్రీ నే అనే భూశిరం సమీపంలో తీరం కనిపిస్తున్నా, ప్రవాహం దాదాపు ఐదు గంటలపాటు ఆయనను ఒడ్డుకు చేరనివ్వలేదు. మర్నాడు ఉదయం ఫ్రాన్సు రేవు పట్టణం కలే దగ్గర నేల మీద కాలు పెట్టేసరికి 21 గంటల 45 నిమిషాలు గడిచాయి.

ఇప్పటి ఈతగాళ్లు పోటు సమయాలను లెక్కగట్టే అనుభవజ్ఞులైన పడవ నడిపేవారి సాయంతో బయలుదేరుతారు గనుక, చాలామంది ఇంతకంటే తక్కువ సమయంలోనే చేరుతున్నారు. అయినా పడవను ముట్టుకుంటే ఈత లెక్కలోకి రాదన్న నియమం మాత్రం కఠినంగానే అమలవుతోంది. మన దేశం నుంచి 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతి సాహా ఇదే చానల్‌ను ఈదారు.